గోధుమరంగు తపాలా బిళ్ళ

పిల్లలూ, నా దగ్గర ఒక తపాలా బిళ్ళల పుస్తకం ఉన్నది. సెలవు రోజుల్లో మా వీధి పిల్లలు వచ్చి దాన్ని తిరగేస్తూ ఉంటారు. వాళ్ళందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మాస్టారూ, వీటన్నిటిలోకీ ఖరీదైనది ఏదండీ?"

నేను మొదటి పేజీ తీసి, అందులో ఒంటరిగా ఉన్న ఒక గోధుమరంగు బిళ్ళ చూపిస్తాను. దాని మీద గడ్డం ఉన్న ఒక పెద్దమనిషి బొమ్మ ఉన్నది. అది అమెరికా దేశపు బిళ్ళ, వెల అయిదు సెంట్లు, 1882లో వెలువడినది. పిల్లలు కళ్ళు పెద్దవి చేసి, "ఎన్ని లక్షలు చేస్తుందండీ?" అంటారు.

"బజారులో దీనికి పెద్ద విలువ లేదు. ఇటువంటివి ఎన్నయినా దొరుకుతాయి. కాని నేను మాత్రం దీనికి చాలా ఎక్కువ చెల్లించుకున్నాను," అంటాను.

ఆ కథ ఇవాళ మీకు కూడా చెబుతాను. అందులో నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది. ఏళ్ళ తరబడి బడిలో పిల్లల తప్పులు దిద్దినవాణ్ణి, నా తప్పు నేను దాచుకోవడం బాగుండదు కదా!

నేను పుట్టి పెరిగింది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూళ్ళో. 1971లో నేను ఏడో తరగతి చదువుతున్నాను. ఆ ఏడు మా తరగతి అంతటికీ స్టాంపుల పిచ్చి పట్టుకున్నది. హంగెరీ బిళ్ళకు రెండు గోళీలు, భూటాన్ బిళ్ళకు ఒక కొత్త పెన్సిలు ఇచ్చి మార్చుకునేవాళ్ళం. పాత నోటుపుస్తకంలో అన్నం మెతుకులతో అంటించేవాళ్ళం. ఎవడి పుస్తకం లావుగా ఉంటే వాడు ఆ వారానికి రాజు.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక ముసలి మాస్టారు ఉండేవారు. తెలుగు పండితులుగా చాలాకాలం పనిచేసి, విశ్రాంతి తీసుకుంటున్నారు. ఊరందరికీ ఆయన "మాస్టారు". ఒకనాడు నేను వాళ్ళింటికి వెళ్ళి, "మాస్టారండీ, మీ ఇంట్లో పాత స్టాంపులు ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను.

ఆయన నవ్వి, మంచం కింది ఇనపపెట్టె తీసి, పంచె గుడ్డలో చుట్టిపెట్టిన ఒక కవరు పైకి తీశారు. అది పసుపుపచ్చగా మారిపోయి, అప్పడంలాగా పెళుసుగా ఉన్నది. దాని మీద అంటించి ఉన్నదే ఈ గోధుమరంగు బిళ్ళ.

"ఇది 1885లో అమెరికా నుంచి మా తాతగారికి వచ్చిందిరా," అన్నారాయన.

అమెరికా నుంచి మా జిల్లాకు ఆ రోజుల్లో ఉత్తరాలా అని మీరు ఆశ్చర్యపోవచ్చు. అందులో వింత ఏమీ లేదు. హయ్యర్ అనే అమెరికా పాదిరీ 1842లోనే గుంటూరు వచ్చి బడులు పెట్టించాడు. ఆయన తరువాత కూడా అమెరికా నుంచి పాదిరీలు వస్తూనే ఉండేవారు. వారు ముందుగా తెలుగు నేర్చుకోవాలి. అందుకు మున్షీలను పెట్టుకునేవారు. మాస్టారి తాతగారు అటువంటి మున్షీ. ఆయన దగ్గర అక్షరాలు దిద్దుకున్న ఒక దొర స్వదేశం వెళ్ళిపోయాక, గురువుగారికి రాసిన ఉత్తరం అది. లోపలి ఉత్తరాన్ని ఎన్నడో చెదలు తినేసినవి. కవరు మాత్రం మిగిలింది.

కవరు మీద చిరునామా ఇంగ్లీషులో ఉన్నది. దాని కింద తాతగారి పేరు తెలుగులో కూడా రాసి ఉన్నది. "పంతులు" అనే మాటలో "తు"కు బదులు "తూ" అని దీర్ఘం పడింది.

మాస్టారు ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "చూశావట్రా? మా తాత దిద్దించిన అక్షరాలు ఇవి. సముద్రాలు దాటి పోయి, మళ్ళీ సముద్రాలు దాటి ఆయన దగ్గరికే వచ్చినవి. తప్పుతో సహా వచ్చినవి!" అని పకపకా నవ్వారు.

తరువాత కవరు వెనకవైపు తిప్పి చూపించారు. అక్కడ గుండ్రని ముద్రలు మూడో నాలుగో ఉన్నవి. ఒకటి గుంటూరు ముద్ర. ఒకదాని మీద "సీ పోస్టాఫీసు" అని ఉన్నది. ఆ రోజుల్లో బొంబాయి వచ్చే ఓడలోనే ఒక పోస్టాఫీసు ఉండేదట. ఓడ నడుస్తూ ఉండగానే గుమాస్తాలు ఉత్తరాలు ఊళ్ళవారీగా విడదీసి, ముద్రలు వేసేవారట.

"ముందు వైపున, స్టాంపు పక్కన, అమెరికాలో వేసిన ముద్ర ఉన్నది. ఆ దొర ఏ ఊరివాడో దాన్ని బట్టి తెలుస్తుంది. కాని అది మసకగా ఉన్నది, నా కళ్ళకు ఆనడం లేదు. నీవి లేత కళ్ళు. ఇంటికి పట్టుకుపోయి, పొద్దుటి వెలుతురులో చూసి, ఆ ఊరి పేరు కాగితం మీద రాసి రేపు తీసుకురా. కవరు మాత్రం భద్రం," అన్నారు మాస్టారు.

నేను సరేనని తలవూపి, కవరు పట్టుకుని పరుగెత్తాను. దారిలో నాకు ఊరి పేరు జ్ఞాపకమే లేదు. నా కళ్ళకు కనిపించేదల్లా ఆ గోధుమరంగు బిళ్ళే. అది నా పుస్తకంలో ఉంటే ఈ వారం, వచ్చే వారం, ఈ ఏడంతా నేనే రాజును! మాస్టారికి కావలసింది కవరు కదా, స్టాంపు కాదుగదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మనం తప్పు చెయ్యబోయేటప్పుడు మన మనస్సు ఎంత మంచి వకీలో చూడండి!

స్టాంపు గోరువెచ్చని నీళ్ళలో వేస్తే ఊడివస్తుందని మాకందరికీ తెలుసు. అమ్మ పెరట్లో ఉన్నది. నేను పళ్ళెంలో వేణ్ణీళ్ళు పోసి, కవరు కవరంతా అందులో వేశాను. కత్తిరిస్తే మాస్టారికి తెలిసిపోతుందని, ఊడదీసి కవరు ఆరబెట్టి ఇచ్చేయవచ్చునని నా ఎత్తు.

స్టాంపు చక్కగా ఊడివచ్చింది. కాని కవరు తీయబోతే చేతికి రాలేదు. ఎనభై ఏళ్ళు దాటిన కాగితం నీళ్ళలో పిండిలాగా విడిపోయింది. సిరా పళ్ళెమంతా వ్యాపించింది. మున్షీగారు దిద్దించిన తెలుగు అక్షరాలు, ఓడలో గుమాస్తా వేసిన ముద్ర, మసకగా ఉన్న ఆ ఊరి పేరు, అన్నీ కలిసి ఆ నీళ్ళకు కాస్త రంగు మాత్రం తెచ్చినవి. అంతే.

ఆ ఊరి పేరు నేను ఒక్కసారైనా చదవలేదు.

మూడు రోజులు నేను మాస్టారి వీధిలోకి పోలేదు. బడికి చుట్టుదారిన వెళ్ళాను. నాలుగో రోజు అన్నం దగ్గర అమ్మ నా మొహం చూసి, "ఏం చేశావు?" అన్నది. "ఏమైంది?" అని అడగలేదు చూడండి, అమ్మలకు అట్లా తెలిసిపోతుంది. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. అమ్మ నన్ను కొట్టలేదు. "నాకు చెబితే ఏం లాభంరా? చెప్పవలసినవారికి చెప్పు," అని మాస్టారి గుమ్మం దాకా తీసుకువెళ్ళి, తాను వెనక్కు వచ్చేసింది.

నేను లోపలికి వెళ్ళి, బిళ్ళను అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను. నోట మాట రాలేదు. మాస్టారు బిళ్ళ కేసీ, నా కేసీ చూశారు. ఆయనకు అర్థమైపోయింది. చాలాసేపు ఊరుకుని, చివరకు ఒకే ఒక మాట అడిగారు:

"ఊరి పేరు చదివావట్రా?"

"లేదండీ," అన్నాను.

ఆయన తల పంకించారు. నేను బిళ్ళను ఆయన పక్కన పెట్టబోతే, "నాకెందుకురా ఇది? నీ దగ్గరే ఉంచుకో. దీన్ని చూసినప్పుడల్లా కవరు జ్ఞాపకం రావాలి," అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణేమో!

ఆ తరువాత నేను పెద్దవాణ్ణయి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, పంతులు ఉద్యోగంలో చేరాను. ఆ గోధుమరంగు బిళ్ళ నన్ను వదలలేదు. అది ఏ దారిన వచ్చిందో, దాని మీద ఉన్న మనిషి ఎవరో తెలుసుకోవాలని పుస్తకాలు వెదికి చదవడం మొదలుపెట్టాను. ఆ విధంగా పందొమ్మిదో శతాబ్దపు అమెరికా బిళ్ళలు నాకు రెండో బడి అయినవి.

గడ్డం ఉన్న ఆ పెద్దమనిషి పేరు గార్ఫీల్డు. ఆయన 1881 మార్చిలో అమెరికా అధ్యక్షుడయ్యాడు. జూలైలో ఒకడు ఆయనను తుపాకితో కాల్చాడు. సెప్టెంబరులో చనిపోయాడు. మరుసటి ఏడు ఆయన జ్ఞాపకార్థం ఈ బిళ్ళ వేశారు. అప్పటికి ప్రపంచ దేశాలు తపాలా విషయమై ఒక సంఘంగా చేరి ఉన్నవి. మన దేశం కూడా 1876లో అందులో చేరింది. కనుక అయిదు సెంట్లు పెడితే చాలు, అరఔన్సు ఉత్తరం అమెరికా నుంచి గుంటూరు దాకా వచ్చేది. ఓడ మీద ఇంగ్లండు, రైలు మీద ఇటలీ దేశపు రేవు బ్రిండిసి, మళ్ళీ ఓడ ఎక్కి సూయజు కాలువ, ఏడెను, బొంబాయి. అక్కడి నుంచి రైలు మీద, రైలు లేనిచోట రన్నరు భుజం మీద. అయిదు సెంట్లకు అంత ప్రయాణం!

అంతకు ముందు ఉత్తరం రాయడం ఇంత సులభం కాదు. అమెరికాలో 1845 దాకా, ఉత్తరం ఎంత దూరం పోతుంది, అందులో కాగితాలు ఎన్ని అనే లెక్కను బట్టి రుసుము ఉండేది. సాధారణంగా ఆ రుసుము అందుకున్నవారే ఇచ్చుకునేవారు. కవరు వేస్తే అది ఇంకొక కాగితం కింద లెక్క! అందుచేత ఎవరూ కవరు వాడేవారు కారు. రాసిన కాగితాన్నే మడిచి, లక్కతో అతికించి, పైన చిరునామా రాసేవారు. 1845లో తూకాన్ని బట్టి రుసుము పెట్టారు. కవర్ల వాడుక పెరిగింది అప్పటి నుంచే.

1847 జూలై 1వ తేదీన ఆ దేశమంతటికీ చెల్లే మొదటి బిళ్ళలు రెండు వెలువడినవి. అయిదు సెంట్ల గోధుమరంగు బిళ్ళ మీద ఫ్రాంక్లిను, పది సెంట్ల నల్లబిళ్ళ మీద వాషింగ్టను ఉన్నారు. అరఔన్సు ఉత్తరం మూడు వందల మైళ్ళ లోపు అయితే అయిదు సెంట్లు, అంతకు మించితే పది. వాటికి అంచున రంధ్రాలు లేవు. పోస్టుమాస్టరు కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాడు. రంధ్రాలు 1857లో వచ్చినవి. 1861లో ఉత్తర దక్షిణ రాష్ట్రాలకు యుద్ధం వచ్చింది. దక్షిణాది పోస్టాఫీసుల్లో నిలవ ఉన్న బిళ్ళలు శత్రువుకు డబ్బుగా ఉపయోగపడకుండా, ప్రభుత్వం పాత బిళ్ళలు చెల్లవని చెప్పి కొత్తవి వేసింది.

ఇంకొక చిత్రం వినండి. కొందరు గడుసువాళ్ళు వాడిన బిళ్ళ మీది ముద్రను కడిగేసి, మళ్ళీ అంటించేవారు. దీన్ని ఆపటానికి 1867 ప్రాంతంలో బిళ్ళల మీద సన్నని మొనలు గల యంత్రంతో నొక్కి, గళ్ళు గళ్ళుగా గుంటలు పడేట్టు చేశారు. కాగితం పొర చిట్లి, ముద్ర సిరా లోపలికి ఇంకిపోతుంది. ఇక కడిగినా పోదు. ఆ గుంటల ఆకారాన్ని బట్టి సేకరించేవారు రకాలకు అక్షరాలతో పేర్లు పెట్టారు. అందులో "జెడ్" రకం గుంటలు ఉన్న ఒక సెంటు నీలి బిళ్ళలు ప్రపంచంలో రెండే ఉన్నట్టు తెలుసు. ఒకటి న్యూయార్కు ప్రజా గ్రంథాలయం వారిది. రెండవది 2024లో వేలంలో నలభై మూడు లక్షల డాలర్లకు పైగా పలికింది. పక్కనే అదే బొమ్మ గల మామూలు బిళ్ళను పెడితే, మీకూ నాకూ తేడా తెలియదు! ఇది చదివినప్పుడు నాకు నవ్వు, సిగ్గు కలిసి వచ్చినవి. కడిగేవాళ్ళ బాధ ఆ ప్రభుత్వానికి కూడా తప్పలేదన్నమాట!

అటువంటి బిళ్ళలు కొనడం బడిపంతులు తరమా? నా పుస్తకంలో ఉన్నవి ఆ కాలపు అతి సాధారణమైనవి, మూడు సెంట్ల వాషింగ్టన్లు, ఇటువంటివే. అరుదైన వాటి కథలు మాత్రం సేకరించాను. వాటికి డబ్బు అక్కరలేదు. వాటిలో రెండు కథలు మీకు తప్పక చెప్పాలి, ఎందుచేతనంటే రెండూ కవరు పోకుండా మిగిలిన కథలు.

1847 నవంబరులో అలెగ్జాండ్రియా అనే ఊరి నుంచి జేమ్స్ అనే యువకుడు రిచ్‌మండులో ఉన్న జానెట్ అనే అమ్మాయికి ఉత్తరం రాశాడు. ఇద్దరిదీ ఒకే మతమైనా శాఖలు వేరు, పెద్దలకు ఇష్టం లేదు. అందుచేత ఉత్తరం చివర, ఎప్పటిలాగే దీన్ని కాల్చెయ్యమని రాశాడు. ఆ అమ్మాయి కాల్చలేదు. తరువాత వారిద్దరికీ పెళ్ళి అయింది. 1907లో వారి కుమార్తెకు తల్లి కుట్టుపని పెట్టెలో ఆ కవరు దొరికింది. దాని మీద ఉన్నది ఆ ఊరి పోస్టుమాస్టరు తానే అచ్చువేయించిన బిళ్ళ. అందులోనూ నీలికాగితం మీద అచ్చయినది ప్రపంచంలో అదొక్కటే దొరికింది! 1981లో అది కవరుతో సహా పది లక్షల డాలర్లు పలికింది. కాల్చమన్నదాన్ని ఒకరు దాచిపెట్టారు. భద్రంగా ఉంచమన్నదాన్ని నేను కడిగేశాను.

రెండో కథకు మన దేశంతో సంబంధం ఉన్నది. 1833లో అమెరికాలోని బోస్టను నుంచి టస్కనీ అనే ఓడ మంచుగడ్డలు వేసుకుని కలకత్తాకు వచ్చింది. చెరువుల్లో చలికాలం గడ్డకట్టిన మంచును కోసి, నాలుగు నెలల పాటు సముద్రం మీద తెచ్చారు! బయలుదేరినప్పుడు 180 టన్నులు, చేరేటప్పటికి సుమారు 100 టన్నులు. ఆ మంచు నిలవ చెయ్యటానికి కలకత్తా, బొంబాయి, మద్రాసులలో మంచుకొట్లు కట్టారు. మద్రాసు సముద్రపుటొడ్డున ఆ భవనం ఇప్పటికీ ఉన్నది. 1897లో వివేకానందస్వామి అందులో కొన్ని రోజులు బస చేశారు. ఇప్పుడది ఆయన పేరుతో ఉన్నా, ఆ పేటను చెన్నపట్నంలో నేటికీ "ఐస్ హౌస్" అనే పిలుస్తారు.

1873లో బోస్టను నుంచి కలకత్తా ఐస్ హౌస్ చిరునామాకు ఒక కవరు వచ్చింది. దాని మీద మరి రెండు బిళ్ళలతోపాటు, 1869లో వేసిన తొంభై సెంట్ల లింకను బిళ్ళ ఉన్నది. ఆ లింకను బిళ్ళలు విడిగా చాలా దొరుకుతాయి. కాని కవరు మీద ఉన్నది ఇదొక్కటే ఈనాటికీ తెలిసినది! మిగిలిన వాటినన్నిటినీ జనం ఊడదీసుకున్నారు, లేదా కవర్లు పారేశారు. ఈ కవరును 1967లో ఒక సేకర్త ఇంట్లో దొంగలు ఎత్తుకుపోయారు. ముప్ఫయి ఎనిమిదేళ్ళు అయిపు లేదు. 2006లో షికాగోలో ఒక బిళ్ళల వర్తకుడి దగ్గరికి వస్తే, ఆయన దాన్ని గుర్తుపట్టాడు.

ఈ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లింకను బిళ్ళ ఒక బొమ్మ మాత్రమే. అది ఎవరి దగ్గరి నుంచి, ఎవరి దగ్గరికి, ఎందుకు, ఏ దారిన వచ్చిందో చెప్పేది కవరు. మా మాస్టారికి ఆ సంగతి ఈ పుస్తకాలేవీ చదవకుండానే తెలుసు. ఆయనకు కావలసింది డాలర్లు కాదు. ఒక్క ఊరి పేరు. తన తాత దగ్గర "పంతూలు" అని దిద్దుకున్న శిష్యుడు ఎక్కడివాడో తెలుసుకోవాలని ముచ్చటపడ్డారు. ఆయన 1975లో పోయారు. ఆ ముచ్చట తీరలేదు. తీర్చవలసినవాణ్ణి నేను.

నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్నప్పుడు బడిలో తపాలా బిళ్ళల సంఘం ఒకటి పెట్టాను. దానికి నియమాలు నాలుగే. పాత కవరు ఏది దొరికినా నీళ్ళలో వెయ్యకూడదు; ముందు పెద్దలకు చూపించాలి. కవరు మీద ఉన్న పేరు, ఊరు, తేదీ, ముద్రలు నోటుపుస్తకంలో రాసుకోవాలి. కొత్త కవరు నుంచి బిళ్ళ తీయవలసివస్తే, సొంతదారుణ్ణి అడిగి, చుట్టూ కాగితం ఉండేట్టు కత్తిరించాలి. జిగురు కాని అన్నం మెతుకు కాని ఎన్నడూ పూయకూడదు. ఈ నియమాలు ఎందుకు పెట్టానో ఆ పిల్లలకు కూడా ఈ కథ చెప్పాను.

ఇప్పుడు ఉత్తరాలు రాసేవారు తగ్గిపోయారు. కాని మీ ఇంట్లో అటక మీదనో, అమ్మమ్మగారి పెట్టె అడుగుననో, పాత ఉత్తరాల కట్ట ఒకటి ఉండే ఉంటుంది. ఈ సెలవుల్లో అమ్మనో నాన్ననో అడిగి, మీ లేత కళ్ళతో ఒక్కటొక్కటే చదివి పెట్టండి. అక్షరాలు ఆనని పెద్దవాళ్ళు ఎవరైనా పక్కన ఉంటే, పైకి చదివి వినిపించండి.

ఊరి పేరు మాత్రం తప్పకుండా చదవండి.